సర్దడం, సర్దుకోవడం, సర్దుకుపోవడం

పిల్లల బొమ్మల గురించి వ్యాసమేమిటని సాహిత్యప్రియులు కొందరు నవ్వుకోవచ్చు. కానీ ఒకే క్రియ నుంచి పుట్టిన మూడు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి: సర్దడం, సర్దుకోవడం, సర్దుకుపోవడం. మొదటిది పని, రెండవది బాధ్యత, మూడవది రాజీ. బొమ్మల విషయంలో మన ఇళ్ళలో తల్లే సర్దుతుంది, తల్లే సర్దుకుపోతుంది. సర్దుకోవడం మాత్రం ఎవరికీ అబ్బదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఆటల గది అన్నది మా ఇల్లందులో చాలామందికి లేని వైభోగం. రెండు గదుల క్వార్టరులో పగలు పిల్లలు ఆడుకున్న చోటే రాత్రికి పక్కలు పరుస్తారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి చీకట్లో ప్లాస్టిక్ కారు మీద కాలు వేయకుండా ఉండాలంటే నేల ఖాళీగా ఉండాలి. ఒకప్పుడు చింతగింజలు, గచ్చకాయలు, గోళీలు ఒక గుడ్డలో మూటగట్టి గోడగూటిలో పెడితే ఆ పూటకు సర్దుడు ముగిసేది. ఇప్పుడు పుట్టినరోజుకు, జాతరకు, చుట్టం వచ్చినప్పుడల్లా ఇంట్లోకి బొమ్మలు వస్తున్నాయి. గది మాత్రం పెరగలేదు.

దీనికి మనం కనిపెట్టిన ఉపాయం పెద్ద అట్టపెట్టె. అన్నింటినీ అందులోకి ఊడ్చి మూత వేస్తాం. అది సర్దడం కాదు, దాచడం. అడుగున ఉన్న ఒక్క బొంగరం కోసం పిల్లవాడు మర్నాడు పెట్టె మొత్తం బోర్లిస్తాడు. ఆ తప్పు వాడిది కాదు, పెట్టెది.

సర్దుకోవడం అంటే ఏమిటో మా ఊరివారికి పరాయి పాఠం చెప్పనక్కరలేదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఈ పరిసరాల్లో బొగ్గు జాడ కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అన్న పేరు కూడా ఈ పక్క పల్లెదే. భూగర్భ గనికి దీపాల గది ఒకటి ఉంటుంది. తలదీపాలకు నంబర్లుంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు ఉంటుంది. షిఫ్టు ముగిశాక కార్మికుడు తన దీపాన్ని తిరిగి అప్పగించాలి. ఒక చోటు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా పైకి రాలేదేమోనని అనుమానించాలి. వస్తువుకొక చోటు ఉండటం అక్కడ అలంకారం కాదు, ప్రాణరక్షణ. ఆ క్రమశిక్షణను ఏళ్ళ తరబడి పాటించిన తండ్రులు ఇంటికి రాగానే బొమ్మలు ఆడవారి పని అనుకోవడం నాకు వింతగా తోస్తుంది. దీపాన్ని దాని చోట పెట్టి వచ్చినవాడే ఈ విద్యలో పిల్లవాడికి మొదటి గురువు కావాలి.

1907లో మరియా మాంటిస్సోరి రోమ్ నగరంలో తన తొలి బాలల గృహాన్ని తెరిచింది కూడా శాన్ లొరెంజో అనే పేదల పేటలోనే. అక్కడి పిల్లలు వస్తువులను తామే ఎంచుకోవాలని, తామే తిరిగి పెట్టాలని ఉబలాటపడటం ఆమె గమనించారు. తాళం వేసిన బీరువాలు పోయి, పిల్లల చేతికందే పొట్టి అలమరాలు వచ్చాయి. అందనంత ఎత్తున చోటు చూపి, సర్దుకోవడం లేదని పిల్లలను తిట్టడం న్యాయం కాదు.

రెండవ సంగతి సంఖ్య. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది పసివాళ్ళను ఒకసారి 4 బొమ్మలతో, మరొకసారి 16 బొమ్మలతో ఆడించి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ప్రచురించారు. చిన్న పరిశోధనే, కానీ బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళవారికి ఇందులో ఆశ్చర్యమేముంది? ఏడాదంతా పెట్టెలో ఉండి బయటకు వచ్చిన కొండపల్లి బొమ్మ ప్రతిసారీ కొత్తదే. కొన్ని బయట, కొన్ని లోపల ఉంచి, పక్షానికోసారి మార్చితే కొత్తవి కొనే పని తగ్గుతుంది.

ఇక ఆటల గదికి బదులు నేను చెప్పేది ఒక చాప. చాప పరిస్తే ఆటల గది తెరిచినట్టు, చుడితే మూసినట్టు. పక్కన మూడు వెదురు బుట్టలు: బండ్లకొకటి, వంటసామాను బొమ్మలకొకటి, కట్టే దిమ్మెలకొకటి. చదవలేని పిల్లల కోసం బుట్టకొక బొమ్మ గీసి కట్టండి. గుండీల్లాంటి బ్యాటరీలు, అయస్కాంతం ముక్కలు, గొంతులో అడ్డుపడే చిన్న వస్తువులు మాత్రం ఈ స్వేచ్ఛలోకి రావు. అవి పసివాళ్ళ చేతికి అందని చోటనే ఉండాలి.

ఒక్క మినహాయింపు కోరతాను. సగం కట్టిన బొమ్మరిల్లును రాత్రయిందని కూల్చవద్దు. దాన్ని మొదటి నుంచీ ఒక పలక మీద కట్టనిస్తే, పలకతో సహా మూలకు జరపవచ్చు. రేపు కొనసాగుతుందన్న నమ్మకం ఉన్న పిల్లవాడే ఈ రోజు చాప చుట్టడానికి ఒప్పుకుంటాడు. ఆ నమ్మకాన్ని విరిచి సాధించిన శుభ్రత నాకు శుభ్రతలా కనిపించదు.

పిల్లలు పెట్టినది వంకరగా ఉంటుంది, ఆలస్యమవుతుంది. మనమే అయిదు నిమిషాల్లో చేసేయవచ్చు. ఆ అయిదు నిమిషాల ఆదా కోసమే తల్లులు ఏళ్ళ తరబడి సర్దుకుపోతున్నారు. మీ ఇళ్ళలో బొమ్మలు ఎవరు సర్దుతున్నారో, ఎవరు సర్దుకుంటున్నారో ఒక్కసారి చూసి చెప్పండి.