తాతగారు ఎలా పోయారు?

చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ‘మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?’ అని అడుగుతారు. ‘అబ్బే, లేదండీ’ అనేస్తాం. తాతగారు యాభై దాటకుండానే నిద్రలో కన్నుమూసిన సంగతి గుర్తుకే రాదు. ఎందుకంటే ఇంట్లో దాన్ని జబ్బుగా చెప్పుకోలేదు. ‘పుణ్యాత్ముడు, అనాయాసంగా పోయారు’ అన్నారు. బాబాయిది ‘గ్యాస్ నొప్పి’ అన్నారు.

కొన్ని ఇళ్లలో తెలిసే దాస్తారు. పిల్లల సంబంధాలు చెడతాయని భయం. అమెరికాలో ఉన్నవాళ్లు కంగారుపడతారని మొహమాటం. అన్నయ్యకు స్టెంట్ వేసిన కబురు చెల్లెలికి ఆర్నెల్లకు చేరుతుంది. నిజానికి ఆమె కూడా పరీక్ష చేయించుకోవాల్సిన కబురది. పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది గానీ రక్తం మారదు కదా!

తండ్రికి, సోదరుడికి 55 ఏళ్లలోపు, తల్లికి, సోదరికి 65 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే వైద్యులు దాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. కొన్ని కుటుంబాల్లో చెడు కొలెస్ట్రాల్ పుట్టుకతోనే ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. మనిషి సన్నగా ఉన్నా, రోజూ ఇందిరా పార్కులో నడిచినా పైకి తెలియదు. రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 190 దాటితే వైద్యులు ఈ కోణంలో ఆలోచిస్తారు. పైగా మనకు ముప్పు తొందరగా వస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారికి తొలి గుండెపోటు మిగతావారికంటే ఐదారేళ్ల ముందే వచ్చినట్టు తేలింది.

అశోక్ నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న అబ్బాయికి ఛాతీలో బరువుగా ఉంటే మందుల షాపులో గ్యాస్ మాత్ర కొనుక్కుంటాడు. నాన్నకు 48 ఏళ్లకే గుండెపోటు వచ్చిందని తెలిస్తే నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. ఆ ఒక్క మాట వింటే డాక్టర్ కూడా వయసు చూసి తేలిగ్గా తీసుకోరు, ఈసీజీ తీయిస్తారు.

కుటుంబ చరిత్ర తలరాతేమీ కాదు. ముందే తెలిస్తే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోవచ్చు, సిగరెట్ మానేయొచ్చు, అవసరమైతే మందులు మొదలుపెట్టొచ్చు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక అమ్మమ్మను, మేనత్తను కూర్చోబెట్టి అడగండి. ఎవరికి, ఏ వయసులో, ఏమైంది? అమ్మ వైపు, నాన్న వైపు రెండూ ఒక కాగితం మీద రాయండి. దాన్ని మందుల చీటీల ఫైల్లో పెట్టండి, ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేయండి. ఈసారి డాక్టర్ అడిగినప్పుడు ‘అబ్బే’ అనకుండా ఆ కాగితం చేతికివ్వండి.