మూఢంలోనూ ఆకలేస్తుంది

పెళ్లి భోజనాలు ముగిసేసరికి ఏ పదకొండో అవుతుంది. అప్పుడు ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్ వస్తుంది: అన్నం, పప్పు, కూరలు మిగిలాయి, పట్టుకెళ్తారా అని. స్వచ్ఛంద బృందాల పిల్లలు ముందుగా ఎప్పుడు వండారో అడుగుతారు. వెళ్లాక మూత తీసి వాసన చూస్తారు. సాంబారు నురగ కట్టినా, పెరుగన్నం పులిసినా అక్కడే వదిలేస్తారు. పేదవాడికి పెట్టేదే కదా అన్న చులకన వాళ్లలో కనిపించదు. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

2014లో నీల్ ఘోష్, ఆనంద్ సిన్హా ఢిల్లీలో మొదలుపెట్టిన రాబిన్ హుడ్ ఆర్మీ ఈ పద్ధతిని హైదరాబాద్ సహా ఎన్నో నగరాలకు తీసుకెళ్లింది. వాళ్లు డబ్బు విరాళాలు తీసుకోరు. ఆ నియమం వల్ల లెక్కల గొడవ లేదు, అనుమానాలకు తావు లేదు. అయితే మిగులు మీద నడిచే ఏ సేవకైనా ఒక చిక్కుంది. మాఘంలో, శ్రావణంలో గిన్నెలు నిండుతాయి. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు, ఫోన్లూ మోగవు. హోటళ్లిచ్చేది కొంత, ఇళ్ల నుంచి వండి తెచ్చేది కొంత కలిపి ఎలాగో నెట్టుకురావాలి. తినేవాడి ఆకలి పెట్టేవాడి పంచాంగం చూసి రాదు.

రేషన్ ఉండగా ఈ ఆకలేమిటని అడిగేవారున్నారు. 2013 ఆహార భద్రతా చట్టం అర్హులకు మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. అది పెద్ద మేలే. కానీ ఆదిలాబాద్ నుంచి రోగిని తీసుకుని గాంధీ ఆస్పత్రికొచ్చిన మనిషి సంగతి చూడండి. ఊళ్లో కార్డుంది, డబ్బాలో బియ్యమూ ఉన్నాయి. ఆస్పత్రి మెట్ల మీద పొయ్యి ఎక్కడిది? వార్డులో రోగికి భోజనం వస్తుంది, తోడొచ్చినవాళ్లకు రాదు. కూలి అడ్డాలో పని దొరకని మనిషిదీ ఇదే అవస్థ. నగరంలో పేదకు కావలసింది వండిన అన్నం, అదీ తెలిసిన చోట, తెలిసిన వేళకు.

హైదరాబాద్‌లో అజహర్ మక్సూసీ అనే సేవకుడు 2012లో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద భోజనం పెట్టడం మొదలుపెట్టారు. మిగులు కోసం ఎదురుచూడకుండా రోజూ వండించడమే ఆ సేవకు బలం. అంత భారం అందరూ మోయలేరు, మోయమని అడగడం న్యాయమూ కాదు. ఆ పూచీ ప్రభుత్వాలదే. హైదరాబాద్‌లో 2014లో వచ్చిన ఐదు రూపాయల భోజనం చాలా ఏళ్లు ప్రధానంగా మధ్యాహ్నానికే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు రాత్రి భోజనమూ పెడతాయి గానీ, 2019లో ప్రభుత్వం మారాక మూతబడి 2024లోగానీ మళ్లీ తెరుచుకోలేదు. ఎన్నికలతో ఆగిపోయే అన్నాన్ని హక్కు అనలేం.

పెద్దాస్పత్రుల దగ్గర రాత్రి భోజనం ప్రభుత్వ ఖర్చుతో ఏడాది పొడవునా సాగాలి. ఏ గేటు దగ్గర ఎంతమంది పడుకుంటున్నారో, ఎవరికి కార్డు లేదో స్వచ్ఛంద బృందాలకు తెలుసు. ఎక్కడ ఎన్ని భోజనాలు కావాలో తేల్చేటప్పుడు అధికారులు వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. పెళ్లివారు కూడా చివరి బంతి లేచేదాకా ఆగక, వంట వేడిగా ఉండగానే ఆ ఫోనేదో చేయాలి.