ప్రయోగశాలలకు సైటోకైన్లు



మందుల ధరలను గూర్చి పత్రికలు తరచు వ్రాయుచున్నవి. మందు కనిపెట్టుటకు ముందు జరుగవలసిన పరీక్షల ఖర్చును గూర్చి వ్రాయువారు అరుదు.

శరీరములోని కణములు ఒకదానికొకటి కబురు పంపుకొనుటకు విడుచు మాంసకృత్తులను సైటోకైన్లందురు. జ్వరము, వాపు, వైరసులతో పోరు వీని వలననే నడచును. మా మనుమరాలు ఒక కళాశాలలో మందు మొక్కలు వాపును తగ్గించునా యని పరిశోధించుచున్నది. పెంచిన కణములపై ఈ పదార్థమును వేసి చూచుటయే తొలి పరీక్ష. సీసాలో ఉండునది కొన్ని మైక్రోగ్రాములు, వెల వేల రూపాయలు. అదియు మంచులో పెట్టి విదేశము నుండి రావలెను. ఒక్క సీసా కొరకు ఆరు మాసములు కాగితములు తిరిగినవి. ఫైలు నడక నాకు కొత్త కాదు గాని, మా రాయచూరు ఎండలో మంచు ఆగదు గదా!

ఇంటర్‌ఫెరాన్ అను సైటోకైనును 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు లండనులో కనిపెట్టిరి. చాలకాలము దానిని దాతల రక్తము నుండి కొద్దికొద్దిగా తీసిరి. 1980లో ఆ జన్యువును సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి తయారు చేయగలిగిరి. 2002లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు ఇంటర్‌ఫెరానును మందుగా విడుదల చేసిరి. కావున ఈ విద్య మనకు చేతగానిది కాదు.

తొలి పరీక్షకు రోగికి ఎక్కించునంతటి శుద్ధి అక్కరలేదు. జన్యువును లాభాపేక్ష లేని సంస్థల నుండి స్వల్ప రుసుముతో తెప్పించి, ఈ.కోలై సూక్ష్మజీవిలో పెంచవచ్చును. అయితే ఆ జీవి పైపొరలోని ఎండోటాక్సిన్ అను విషము మిగిలిన, అదియే కణములను రెచ్చగొట్టును, ఫలితము తప్పగును. దానిని తొలగించి, తొలగినదని పరీక్షించి తీరవలెను. కొన్ని పనులకు శుద్ధి చేసిన పదార్థమే అక్కరలేదు. ఎల్-929 అను ఎలుక కణములు పెరిగిన ద్రవములోనే ఎం-సి.ఎస్.ఎఫ్. అను సైటోకైను ఉండును. ఎలుక మజ్జ నుండి మాక్రోఫేజ్ కణములను పెంచుటకు అది చాలును. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రము పరిశోధకులకు కణములను సరఫరా చేయుచున్నది.

పూర్వము ప్రతి కార్యాలయము తన కాగితము తానే తయారు చేసికొనలేదు. స్టేషనరీ డిపోకు ఇండెంటు పెట్టెడివారము. అట్లే హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఒక విశ్వవిద్యాలయము ఎక్కువగా వాడు పది సైటోకైన్లను తయారు చేసి, పరీక్షించి, అసలు ఖర్చుకే జిల్లా కళాశాలలకు పంపరాదా? అంతవరకు రెండు మూడు కళాశాలలు కలిసి ఒక సీసా కొని, వచ్చిన నాడే చిన్న పాళ్లుగా పంచి గడ్డకట్టించుట మేలు. మాటిమాటికి కరగించిన పదార్థము పాడగును. ఆశాజనకమైన ఫలితము వచ్చిన పిమ్మటనే ఖరీదైన సరుకుతో రూఢి చేసికొనవచ్చును.

పరీక్ష చేయలేక పిల్లలు ప్రశ్ననే మార్చుకొనుట విచారకరము. ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును ఈ విషయమును ఆలోచింప ప్రార్థన.

— విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, రాయచూరు