చక్రం మీకు, ఆట మీ పిల్లలకు



"సార్, మావాడికి యాబ్ రోలర్ కొనమంటారా?" అని మొన్న కొండాపురం నుంచి వచ్చిన ఒక నాన్నగారు అడిగారు. వాడికి వద్దు, కావాలంటే మీరు కొనుక్కోండి అన్నాను.

రోలర్ పొట్ట కరిగించదు. నడుమును పట్టి ఉంచే కండరాలను గట్టిపరుస్తుంది. చక్రం ముందుకు వెళ్లేకొద్దీ నడుము కిందికి జారుతుంది. కండరాలు ఆపలేకపోతే భారం వెన్ను మీద పడుతుంది. అందుకే ముందు మోచేతుల మీద ప్లాంక్ చేయండి. నడుము జారకుండా 30 సెకన్లు నిలిచాకే చక్రం పట్టండి.

వెడల్పు చక్రమో, జంట చక్రాలదో అయితే పక్కకు ఒరగదు. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి వేసుకుని, గోడకు ఎదురుగా కూర్చోండి. గోడే మీ హద్దు. మొదట్లో 5 సార్లు చాలు. నడుము నొప్పి, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

మరి పిల్లలకు? 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటను ట్యూషన్లు తినేస్తున్నాయి. మా స్టడీ అవర్లూ తినేస్తున్నాయి, ఒప్పుకుంటాను. కబడ్డీలో, తాడాటలో చక్రం లేకుండానే నడుముకు బలం వస్తుంది. ఆ గంట కావాలని మీరూ మమ్మల్ని అడగండి.

— మీ పీఈటీ