మనకు కనబడని జిల్లా పేజీ

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు జరిగినప్పుడల్లా అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఆశ్చర్యపోవడం ఆనవాయితీ అయిపోయింది. 2004లో ఆశ్చర్యపోయాం. 2019లో ఆశ్చర్యపోయాం. 2024లో మళ్ళీ ఆశ్చర్యపోయాం. గెలిచిన పార్టీ అభిమానులకి ఇన్ని సీట్లెలా వచ్చాయని, ఓడిన పార్టీ అభిమానులకి ఇంత చిత్తుగా ఎలా ఓడామని. పొద్దున లేవగానే ఫోన్లో ఒక పేపరు, ఆఫీసులో బిల్డ్ పూర్తయ్యేలోపు ఇంకో పేపరు, రాత్రి పిల్లలు పడుకున్నాక టీవీ చర్చలు... ఇంత శ్రద్ధగా వార్తలు చదివే జనం మనం. మరి ఏమీ తెలియకుండా పోవడమేమిటి?

"పత్రికలు అమ్ముడుపోయాయి కదండీ" అన్నది రెడీగా ఉండే జవాబు. అందులో నిజం లేకపోలేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను. కానీ నాకు అసలు కారణంగా కనిపించేది వేరే ఉంది. మనం ఇక్కడ చదివే పేపరూ, అక్కడ ఓటరు చదివే పేపరూ ఒకటి కాదు. పేరొకటే, లోగో ఒకటే. లోపలి సరుకు వేరు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో చిన్న పేపరు టాబ్లాయిడ్ సైజులో వేసి, మెయిన్ పేపర్లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద రాబిన్ జెఫ్రీ రాసిన పుస్తకం 2000లో వచ్చింది. అందులో ఈ జిల్లా పేపరు గురించి ప్రత్యేకంగా రాశాడు. దీని వెనక లాజిక్ చాలా సింపుల్. ఒంగోలులో చీరల కొట్టాయన రాష్ట్రమంతా తిరిగే పేపర్లో ప్రకటన ఇవ్వలేడు. ఇచ్చినా దండగ, శ్రీకాకుళం నుంచి ఎవరొస్తారు చీర కొనుక్కోడానికి? తన జిల్లాకే పరిమితమైన పేజీ అయితే అందుబాటులో ఉంటుంది. ప్రకటన జిల్లాది అయినప్పుడు వార్త కూడా జిల్లాదే ఉండాలి. అలా మండలానికో విలేకరి పుట్టుకొచ్చాడు. వాళ్ళలో చాలామందికి నెల జీతమంటూ లేదు, అచ్చయిన వార్తని కొలిచి ఇచ్చే డబ్బులే. పైగా ప్రకటనలు తెచ్చిపెట్టే బాధ్యతా వాళ్ళ నెత్తినే. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళో మా బాబాయి పేపరు రాగానే మెయిన్ పక్కన పడేసి జిల్లా పేజీలు తీస్తాడు. ఢిల్లీలో ఎవరు ఎవర్ని కలిశారన్నది ఆయనకి సాయంత్రం టీవీలో ఎలాగూ తెలుస్తుంది. సాగర్ కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారు, పొగాకు వేలంలో రేటెంత పలికింది, ఎమ్మెల్యే మనుషులు ఎవరి స్థలంలో కంచె వేశారు... ఆయనకి కావలసినవి ఇవి. ఆయన ఓటు తేలేది కూడా ఈ పేజీల్లోనే. న్యూజెర్సీలో నేను తెరిచే హోమ్ పేజీలో ఇవేవీ ఉండవు. ఎక్కడో డెస్క్ మీద కూర్చున్నవాళ్ళు బాగా క్లిక్కులొచ్చేవి ఏరి పెట్టిన వార్తలుంటాయి. ఈ-పేపర్లో జిల్లా ఎడిషన్ వెతుక్కోవచ్చు, నిజమే. ఎంతమంది వెతుక్కుంటున్నారు?

2004 సంగతే తీసుకోండి. ఇక్కడున్న మనకి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంటే సైబరాబాదే. 1998లో సైబర్ టవర్స్, 2000 మార్చిలో హైదరాబాదులో దిగిన క్లింటన్. ఆ కథలు మనదాకా మోసుకురావడానికి ఇంగ్లీషు పత్రికలున్నాయి, వెబ్‌సైట్లున్నాయి. అదే 2000లో కరెంటు ఛార్జీల మీద ఉద్యమం జరిగింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ తర్వాత కరువు, అనంతపురంలాంటి చోట్ల రైతుల ఆత్మహత్యలు. ఒక్కో చావు ఒక్కో చిన్న వార్తగా జిల్లా పేజీలో వస్తుంది, మర్నాటికి పాతబడిపోతుంది. అన్నీ కూడితే ఎంత పెద్ద వార్తో మెయిన్ పేజీ చదివేవాడికి తట్టదు. 2004 మే 11న లెక్కింపు అయ్యేసరికి 294 స్థానాల్లో కాంగ్రెస్‌కి 185, తెలుగుదేశానికి 47. మనం నోరు తెరిచాం. మా బాబాయి తెరవలేదు.

సరే, పక్షపాతం సంగతి. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టినప్పుడూ, 1983 జనవరిలో ఎన్టీఆర్ రెండు వందలకి పైగా సీట్లు గెలిచినప్పుడూ ఈనాడు తను ఎటుందో దాచుకోలేదు. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా "ఆ రెండు పత్రికలు" అని ఊరుకునేవారు. అవేవో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. 2008 మార్చి 24న ఆయన కుమారుడి సారథ్యంలో సాక్షి వచ్చింది, ఒకేసారి 23 ఎడిషన్లతో. అప్పట్నుంచీ అరుగు మీద ఏ పేపరు పడి ఉందో చూసి ఆ ఇంటి ఓటు ఎటో ఊహించే సౌకర్యం ఏర్పడింది!

అమెరికాలో పేపర్లు పక్షం వహించవా అంటే, వహిస్తాయి. ఫలానా అభ్యర్థికి మా మద్దతు అని సంపాదకీయంలో పేరు పెట్టి మరీ రాస్తాయి. ఆ అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, 2024 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ ఈసారి అధ్యక్ష ఎన్నికలో ఎవర్నీ సమర్థించబోమని ప్రకటించగానే రెండున్నర లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారని ఎన్‌పీఆర్ చెప్పింది. తెలుగులో వ్యవహారం తిరగేసి ఉంటుంది. సంపాదకీయం ఓటర్లు విజ్ఞతతో నిర్ణయించుకోవాలని పెద్దమనిషిలా మాట్లాడుతుంది. పక్షం చూపేది వార్తలో, హెడ్డింగులో, ఫోటోలో. ఒకే సభకి ఒక పేపర్లో జనసంద్రం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీలు. రెండు ఫోటోలూ నిజమైనవే కావచ్చు, ఒకటి నాయకుడు మాట్లాడుతుండగా తీసింది, ఒకటి ఆయన రాకముందు తీసింది.

అయితే ఇది మనందరికీ తెలిసిన పక్షపాతం. ఎవడి పేపరు ఏదో తెలుసు కనక కొంత తరుగు తీసేసి చదువుకుంటాం. తరుగు ఎంత తీయాలో తెలియని వ్యాపారం ఒకటుంది, అది జిల్లా పేజీల్లో జరిగింది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనల్ని వార్తల్లా వేశారని ఆంధ్రప్రదేశ్ జర్నలిస్టుల సంఘమే గొంతెత్తింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల్ని, పరంజయ్ గుహా ఠాకుర్తానీ మన కె. శ్రీనివాసరెడ్డినీ, విచారించమంది. 2010లో వాళ్ళు పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ దాన్ని కుదించి బయటపెట్టింది. పూర్తి పాఠం జనానికి అందడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. జీతం లేని విలేకరి నెత్తిన ప్రకటనల బాధ్యత పెడితే ఎన్నికల సీజన్లో ఏం జరుగుతుందో ఊహించడానికి నివేదిక కూడా అక్కర్లేదనుకోండి.

ఇక మన వృత్తికి సంబంధించిన ప్రశ్న. 2009 నాటి ఆ జిల్లా పేజీల్ని ఇప్పుడు వెతికి చూపించగలరా? నెట్లో మామూలు పాఠకుడికి అది అయ్యే పని కాదు.

ఆ రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు. ఒక్కో పేపరుకి ఒక్కో సొంత ఫాంటు, సొంత ఎన్‌కోడింగు. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే పొడిగింపు వేసుకుంటే తప్ప ఆ అక్షరాలు యూనికోడ్‌లోకి మారేవి కావు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే గౌతమి ఫాంటు వచ్చింది. పత్రికలు మాత్రం చాలాకాలం తమ ఫాంటు పట్టుకునే వేలాడాయి. ఫలితంగా గూగుల్లో 'ఎన్నికలు' అని తెలుగులో కొడితే, రోజూ ఎన్నికల గురించే రాస్తున్న పేపర్లు దొరికేవి కావు. ఆనాటి పేజీ ఏదైనా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలి ఉన్నా, ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనబడేది పిచ్చి గీతలే. ఆ తర్వాత ఈ-పేపర్లు వచ్చాయి. అవి బొమ్మలు. బొమ్మలో అక్షరాన్ని వెతకలేం. లింకులా, వెబ్‌సైటు డిజైను మారినప్పుడల్లా చచ్చిపోతాయి.

ఇంకో తమాషా చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పుణ్యాన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు ఎన్నో స్కానయి నెట్లోకి వచ్చాయి. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాని వి.వి. గిరి ఓడించిన కాలం నాటి పేపర్ల కోసం వెతకడానికి ఒక చోటంటూ ఉంది. మన కళ్ళముందు జరిగిన 2004, 2009 ఎన్నికల జిల్లా పేజీలకి అలాంటి చోటు లేదు. అమెరికాలో కాంగ్రెస్ లైబ్రరీ 2007 నుంచీ చిన్న చిన్న కౌంటీల పేపర్లు సైతం డిజిటైజ్ చేసి, ప్రతి అక్షరం వెతుక్కునేలా పెడుతోంది. అక్కడ ఇంజనీర్లుగా పనిచేస్తున్నవాళ్ళలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కూడా!

మనకి ఓటే లేదు గదా, మన ఆశ్చర్యం వల్ల ఎవరికి నష్టం అనొచ్చు. పౌరసత్వం మారనివాళ్ళు అక్కడికి స్వయంగా వెళ్ళి ఓటు వెయ్యొచ్చని 2011 నుంచీ ఉంది. 2024లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.2 లక్షలు, వేసినవాళ్ళు 3 వేల లోపు, వాళ్ళలో ఎక్కువమంది కేరళవాళ్ళే. కానీ మన పలుకుబడి ఓటుతో ఆగేది కాదు. ఇక్కణ్ణుంచి డబ్బు వెళ్తుంది. ఎవరికి వెయ్యాలో చెప్పే ఫోన్లు వెళ్తాయి. హోమ్ పేజీ చదివినవాడు జిల్లా పేజీ చదివినవాడికి సలహా ఇస్తాడు. మా బాబాయి మర్యాదగా "సరే నాయనా" అని ఫోను పెట్టేస్తాడు, అది వేరే సంగతి.

సీట్ల లెక్క కూడా ఇలాంటి తప్పు బొమ్మే చూపిస్తుంది. 2019లో 175కి వైసీపీకి 151, తెలుగుదేశానికి 23. 2024లో తెలుగుదేశానికి 135, వైసీపీకి 11. పేపర్లకి ఇది ప్రభంజనం, తుడిచిపెట్టుకుపోవడం. ఓట్లు చూస్తే 2019లో ఓడిన తెలుగుదేశానికీ, 2024లో ఓడిన వైసీపీకీ దాదాపు 39 శాతం చొప్పున వచ్చాయి. ప్రతి పదిమందిలో నలుగురు! ఆ నలుగురూ ఎక్కడున్నారో తెలియాలంటే బూత్‌వారీ ఓట్లుండే ఫారం 20 చూడాలి. అదీ పీడీఎఫ్‌లలో, చాలాచోట్ల స్కాన్ చేసిన కాగితంగా ఉంటుంది.

నేననేది ఇంతే. తెలంగాణ శాసనసభకి 2028లో, ఆంధ్రప్రదేశ్‌కి 2029లో ఎన్నికలు రావాలి. నోటిఫికేషన్ నాటినుంచి పోలింగ్ దాకా, మీ సొంత నియోజకవర్గం జిల్లా పేజీలు, కనీసం రెండు ప్రత్యర్థి పేపర్లవి, రోజూ దాచండి. కాపీరైటు పేపర్లదే కనక నెట్లో పంచిపెట్టకండి, మీ దగ్గర ఉంచుకోండి. టెసరాక్ట్‌లాంటి ఉచిత ఓసీఆర్ తెలుగు చదువుతుంది. ఒత్తుల దగ్గర, అతుక్కుపోయిన కాలమ్‌ల దగ్గర తడబడుతుంది, చేత్తో దిద్దుకోవాలి. ఏ అభ్యర్థి పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఏ ఊరి నీళ్ళ గొడవ ఏ పేపర్లో అసలు రాలేదు, ఏ 'వార్త' రెండు పేపర్లలో అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంది అన్నవి లెక్కపెట్టడానికి పెద్ద ప్రోగ్రామేమీ అక్కర్లేదు. ఫలితాలొచ్చాక ఫారం 20 పక్కన పెట్టుకుని చూడొచ్చు. ఒక్క మనిషి ఒక్క నియోజకవర్గానికి చేస్తే రోజుకి అరగంట పని. నేను మాది ఎంచుకున్నాను. మిగతా 174 ఖాళీగా ఉన్నాయి.