ప్యాస్ అన్నవాడికి నీళ్ళు కాదు, 108

"ఉస్కీ ఇత్నీచ్ ఉమర్ థీ." బైక్ మీంచి పడి పోయిన పిల్లగాడి జనాజాకు వెళ్తే వినబడే మొదటి మాట ఇదే. రెండోది "అల్లాకీ మర్జీ". మౌత్ ఆయన చేతిలోనే ఉంది, అందులో నాకు షక్ లేదు. పడ్డ గంటకీ పోయిన గంటకీ నడుమ మనం చేసిన పనులన్నిటినీ తీసుకెళ్ళి ఆ మాట కింద దఫన్ చేస్తున్నాం చూడండి, నా ఝగడా దానితోనే.

ఆ నడుమ ఏం జరుగుతుంది? మెట్టుగూడలోనో, బోయిన్‌పల్లిలోనో, రసూల్‌పురాలోనో బైక్ స్కిడ్ అవుతుంది. పిల్లగాడు లేచి నిలబడతాడు. మోచేయి గీసుకుపోయింది, అంతే. చుట్టూ చేరినవాళ్ళు "ఖూన్ నై నికలా, కుచ్ నై హువా" అని ఆటో ఎక్కించి ఇంటికి పంపుతారు. అమ్మీ సద్‌ఖా ఉతారి, దమ్ చేసిన నీళ్ళు తాపి పడుకోబెడుతుంది. "సుబూ దేఖింగే" అంటాడు అబ్బా. ఫజర్‌కు లేపితే లేవడు.

ఖూన్ బయటికి రాకపోతే గాయమే కాదన్న ఖయాల్ మనది. ఎడమ పక్కటెముకల కింద తిల్లీ ఉంటుంది, తెలుగులో ప్లీహం అంటారు. హ్యాండిల్ గట్టిగా గుచ్చుకుంటే అది చిట్లుతుంది, నెత్తురంతా కడుపులోకే పోతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. వయసులో ఉన్నవాడి శరీరం దాదాపు లీటరున్నర పోయేదాకా బీపీ పెద్దగా పడకుండా నెట్టుకొస్తుంది. అందుకే వాడు మాట్లాడుతూ, ఒక్కోసారి నవ్వుతూ కూడా ఉంటాడు. కానీ ఒళ్ళు గవాహీ ఇస్తూనే ఉంటుంది. నాడి పరుగెత్తుతుంది, చల్లటి చెమట పడుతుంది, పెదాలు తెల్లబడతాయి, ఒకచోట కుదురుగా ఉండలేని బేచైనీ, ఆపైన ప్యాస్.

ఆ ప్యాస్ దగ్గరే మనం దెబ్బ తింటున్నాం. మొహర్రంలో సబీల్ పెట్టే ఖౌమ్ మనది. 'పానీ' అన్నవాడికి ఇవ్వకపోతే గునా అనిపిస్తుంది. కానీ గాయపడ్డవాడు నీళ్ళు అడుగుతున్నాడంటే లోపల నెత్తురు కారుతోందేమోనని ముందు అనుమానించాలి. నీళ్ళు ఆ లోటు తీర్చవు. స్పృహ తగ్గుతున్నవాడికైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కడుపు నిండుగా ఉంటే అదే ఖత్రా. పెదాలు తడపండి, చాలు. గ్లాసు వెతికే ముందు ఫోన్ తీయండి.

తల దెబ్బది ఇంకో ధోకా. పుర్రె లోపల నెత్తురు గడ్డకట్టడం మొదలైనా కొన్ని గంటలు మనిషి బాగానే ఉండొచ్చు. 2009 మార్చిలో కెనడాలో మంచు మీద పడ్డ నటి నతాషా రిచర్డ్‌సన్ బాగానే ఉన్నానంది, అంబులెన్స్ వాపస్ పోయింది. రెండు రోజుల్లో ఆమె లేదు. ('టేకెన్' హీరో లియామ్ నీసన్ భార్య అంటే మన పిల్లలకు తెలుస్తుంది. పైసలకు కొదవ లేని ఇల్లు.) వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా లేవని నిద్ర, ఒక కనుపాప పెద్దదవడం, వీటిలో ఏది కనబడినా సీటీ స్కాన్ ఉన్న చోటికి పరుగెత్తాలి. "సోనే దేవ్, ఆరామ్ మిలేగా" అనే మామూను కమ్రాలోంచి బయటికి పంపండి.

సుబూ దాకా ఆగడం ఎంత మహంగా పడుతుందో చెప్తాను. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒక సస్తా ఇంజెక్షన్ ఉంది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడ్డవాళ్ళ మీద చేసిన క్రాష్-2 పరిశోధన ఫలితం 2010లో వచ్చింది. 3 గంటల లోపు ఇస్తే నెత్తురు పోయి చనిపోయేవాళ్ళు తగ్గారు. ఆ తర్వాత ఇస్తే ఫాయిదా లేదు.

"పోలీస్ కేస్ హోతా" అన్న డర్ ఒకటి. మనవాళ్ళకు ఠాణా అంటే డర్ ఎందుకో నేను విడమర్చనక్కర్లేదు. కానీ 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2019 మోటారు వాహనాల చట్టం సవరణ, దీన్ని తేల్చేశాయి. గాయపడ్డవాణ్ణి తెచ్చినవాడు తన పేరు చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇక "ఎంఎల్‌సీ హై, గాంధీ లేకే జావ్" అంటూ గేటు దగ్గరే తిప్పే నర్సింగ్ హోంలు. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, సర్కారీ అయినా ప్రైవేటయినా డాక్టర్ ముందు జాన్ కాపాడాలి, కాగితాలు తర్వాత. కారు గుద్దిన స్కూటరిస్టును ఒక హాస్పిటల్ ఇలాగే దూరంలోని ఇంకో హాస్పిటల్‌కు పొమ్మంటే దారిలోనే ప్రాణం పోయింది, ఆ కేసు పుట్టింది అలాగే. 2025 మేలో వచ్చిన కేంద్రం స్కీమ్ ప్రకారం, లిస్టులో ఉన్న హాస్పిటళ్ళలో రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర దాకా క్యాష్‌లెస్ ఇలాజ్ ఉంది. కౌంటర్ దగ్గర గొంతు పెంచి అడగండి.

బైక్ వెనక కూర్చున్న బహూ బుర్ఖా చక్రంలో చిక్కి పడితే, "మర్ద్ డాక్టర్ చూడొద్దు, కపడే కోయొద్దు" అని అడ్డం నిలబడేవాళ్ళున్నారు. లోపలి గాయం వెతకాలంటే బట్టలు కోయాల్సిందే. జరూరత్ వేళ హద్దులు సడలుతాయన్నది ఫిఖ్హ్‌లో పాత ఉసూల్. మీ ఇమామ్ సాబ్‌ను అడగండి, కానీ ఇవాళే అడగండి, క్యాజువాలిటీ దర్వాజా దగ్గర కాదు.

108 ఎక్కడ పుట్టింది? 2005 ఆగస్టు 15న, మన ఉమ్మడి రాష్ట్రంలోనే. దాని హెడ్ ఆఫీస్ మన మేడ్చల్ రోడ్డులో, దేవరయాంజాల్‌లో. అయినా మనం ముడుచుకు కూర్చోబెట్టే ఆటోనే పిలుస్తాం. విరిగిన మెడ ఆ ముడుపులోనే పూర్తిగా తెగుతుంది. ట్రాఫిక్‌లో అంబులెన్స్ లేటవుతుందంటారు. అవుతుంది, కాదనను. అది వచ్చేదాకా మెడ కదలకుండా పట్టుకోండి, కారే గాయాన్ని సాఫ్ దుపట్టాతో గట్టిగా నొక్కి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి.

ఒక జాన్ కాపాడే ఫజీలత్ మీద ఎన్ని బయాన్‌లు విన్నామో లెక్కలేదు. మన మసీదులన్నిటిలో జనాజా డోలా ఉంది, గుసుల్ తఖ్తా ఉంది. స్ట్రెచర్ ఉన్న మసీదు ఎన్ని? గాయపడ్డవాణ్ణి ఎలా ఎత్తాలో నేర్చుకున్న నౌజవాన్లు మొహల్లాకు పదిమంది ఉన్నారా? చందా రాదంటారా? ఏసీలకు వచ్చింది కదా. ఈ జుమా నమాజ్ అయ్యాక మీ కమిటీ సదర్ సాబ్‌ను పట్టుకుని అడగండి, డోలా పక్కన స్ట్రెచర్‌కు జాగా ఉందా లేదా అని.