గట్టు దాటని హక్కు

ఎండలు ముదిరితే చాలు, జాగ్రత్తలు చెప్పేవాళ్లకు కొదవుండదు. నీళ్లు బాగా తాగమంటారు, మధ్యాహ్నం నీడపట్టున ఉండమంటారు. మంచి మాటలే. అనంతపురం పల్లెల్లో కూలికి వెళ్లే స్త్రీ వాటిని ఎట్లా పాటించాలో మాత్రం ఎవరూ చెప్పరు. గుత్తకు ఒప్పుకున్న పనిలో నీళ్లకని లేస్తే ఆ మేరకు కూలి పోతుంది. చాటు లేని చేలల్లో ఒంటికి వెళ్లాల్సి వస్తుందని పొద్దంతా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునేవాళ్లను నేను ఎందరినో చూశాను. మూత్రంలో మంట వాళ్ల దృష్టిలో జబ్బు కాదు, పనిలో భాగం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఇక్కడ కరువు పంటతో పాటు కూలిమనిషి ఒంటినీ దెబ్బతీస్తుంది. పదును లేని నేలలో వేరుశనగ చెట్టు పీకితే కాయ భూమిలోనే తెగిపోతుంది. వంగి, తవ్వి, ఏరాలి. పంట చివర్లో వాన మొహం చాటేస్తే కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం పెరుగుతుంది. అది కాలేయాన్ని తినేస్తుంది. మంచి గింజ మార్కెట్టుకు పోతుంది, ఏరేసిన గింజ ఇంటి రోట్లోకి వస్తుంది.

పురుగుమందు కొట్టేది మగవాళ్లేనంటారు. మందులో కలిపే నీళ్లు మోసేదెవరు? మరునాడు ఆ చేలోనే కలుపు తీసేదెవరు? మందు తడిసిన బట్టలు ఉతికేదెవరు? మందు చల్లేవారికి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి నియమాలు చెప్పాయి. మన స్త్రీలు ఆ లెక్కలోకే రారు.

ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది. పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 చట్టం రాసింది. ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకునే స్త్రీకీ కూలి ఇవ్వాలంది. దెబ్బ తగిలితే ఉచిత వైద్యమంది. అమలు చాలాచోట్ల కుంటినడకే. అయినా అడగడానికొక కాగితముండేది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో మరో చట్టం చేసింది. ఆ నీళ్లూ నీడా అందులో నిలిచేట్టు కాపాడుకోవాలి.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. అదే మనిషి, అదే ఎండ. ప్రభుత్వ పని వదిలి రైతు చేను గట్టు దాటగానే ఆమెకు ఆ హక్కులు ఎందుకుండవు? వ్యవసాయ కూలీల భద్రత కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన 184వ ఒప్పందాన్ని మన దేశం నేటికీ ఆమోదించలేదు.

రైతే అప్పుల్లో ఉంటే ఈ ఖర్చెవరు పెడతారని అడగొచ్చు. కుండెడు నీళ్లకూ, నాలుగు గుంజల మీద పట్టకూ ఖర్చెంత? కూలి తెగకుండా రెండుసార్లు విశ్రాంతినిస్తే చేను మునగదు. వైద్యం, నష్టపరిహారం ప్రభుత్వం భరించాలి. చిన్న రైతు భార్య కూడా అదే సాలులో వంగి పనిచేస్తోంది కదా.

అందుకే కూలి రేటు మాట్లాడుకునే రోజే సంఘాలు మిగతా మాటలూ తేల్చుకోవాలి: నీళ్లెక్కడ, నీడెక్కడ, మందు ఎప్పుడు కొట్టారు, పాము కరిస్తే ఆసుపత్రికి బండి ఎవరిది? ఒక్కతే అడిగితే రేపటి పని పోతుంది. ఊరి కూలి స్త్రీలందరూ కలిసి అడిగితే అది కూలి ఒప్పందమవుతుంది.